రంగనాథం బొటనవేలు

ఆదివారం పదింటికి పాత్రల వర్తకుల సంఘం అధ్యక్ష ఎన్నిక. అందుకని రంగనాథం పొద్దున్నే వంటింట్లో గ్యాసు గ్రిల్లు బాగుచేయడానికి పూనుకున్నాడు. ఆ రెండింటికీ సంబంధం ఏమిటని మనం అనుకోవచ్చు, ఆయన్ని మాత్రం అడగకూడదు. ఏటా ఇప్పటి అధ్యక్షుడు జయరామన్ ఇంట్లో ఇడ్లీలు తిన్న సభ్యులు ఆయనకే చేతులెత్తి ఓటేస్తున్నారు. ఈ ఏడు, పందొమ్మిది వందల ఎనభై రెండులో, సభ రంగనాథం ఇంట్లో. ఊరు వదిలిపోతూ ఒక ఫ్రెంచి దొర అమ్మేసిన గ్రిల్లు మీద రొట్టెలు కాల్చి పెట్టి, ఆరేళ్లుగా అందని పదవి అందుకోవాలని ఆయన పట్టుదల.

పాత ట్యూబు పగిలింది, రెగ్యులేటరు తుప్పు పట్టింది. రెండూ కొత్తవి తెచ్చాడు.

"తట్టాంచావడి పేటలో మెకానిక్కును పిలిపించరాదా?" అంది భార్య హేమావతి.

"ముప్పై ఏండ్లుగా సామాన్లు అమ్ముతా ఉండాను. ఒక ట్యూబు తగిలించలేనా?"

రంగనాథం మేనత్త అలివేలమ్మ బెంగ వేరు. "ఆ దొర దీని మింద ఏమేం కాల్చినాడో. పసుపు పూయకుండా మనింట్లో నిప్పు పెట్టేదానికి లేదు."

గ్రిల్లుకు పూసింది, సిలిండరుకు పూసింది. కొత్తదానికీ మైల అంటుతుందేమోనని ట్యూబు మూతికి దట్టంగా మెత్తింది. రంగనాథం దాన్ని అలాగే బిగించేశాడు.

సభ్యులు వచ్చి హాల్లో కూర్చున్నారు. అగ్గిపెట్టె ఖాళీ అయింది గాని మంట రాలేదు.

"ఏంది రంగనాథం, రొట్టె ఈ ఏడే వస్తుందా?" అని హాల్లోంచి జయరామన్ పలకరించాడు.

రంగనాథానికి ఒళ్లు మండిపోయింది. గ్రిల్లు నుంచి ట్యూబు ఊడబీకి లోపలికి తొంగి చూశాడు. పసుపు ముద్ద టప్పున ముక్కులోకి దూరింది, వెనకే గ్యాసు బుస్సుమంది. రెగ్యులేటరు ఎటు తిప్పితే ఆగుతుందో కొట్టువాణ్ణి అడగలేదు. గాభరాగా ట్యూబు మూతికి బొటనవేలు అదిమి నిలబడిపోయాడు. అప్పుడే అలివేలమ్మ పూజగదిలో కర్పూరం వెలిగించి, గ్రిల్లుకు చూపడానికి హారతి పళ్లెంతో వంటింటివైపు బయలుదేరింది.

"అత్తమ్మా, అక్కడే నిలబడండి," అంటూ హేమావతి పళ్లెం లాక్కుని పెరట్లో నీళ్లతొట్టిలో ముంచేసింది.

వాసన హాలుకు చేరింది. అందరికంటే ముందు వీధిలో తేలినవాడు జయరామన్. మిగతావాళ్లు చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెనకే పరుగెత్తారు. అక్కణ్ణుంచి చూస్తే వాకిలికి ఎదురుగా వంటిల్లు. అందులో పచ్చని ముక్కుతో, ధారగా కారే కన్నీళ్లతో, వేలు కదపని రంగనాథం.

హేమావతి వచ్చి రెగ్యులేటరు ఒక్క తిప్పు తిప్పింది. కిటికీలు తెరిచింది. "ఇంక వేలు తీయండి," అంది. ఆమె చేసింది ఎవరూ పట్టించుకోలేదు.

"మనమంతా పరుగెత్తినాము. ఆ మనిషి మాత్రం కదల్లేదు," అన్నాడు కార్యదర్శి సుబ్బరాయన్ చేతులు జోడించి. వీధిలోనే చేతులు లేచాయి. ఆఖరికి జయరామన్ చెయ్యి కూడా లేచింది.

మరుసటి వారం సన్మాన సభలో కొత్త అధ్యక్షుల వారి గుండె నిబ్బరం గురించి ఆరుగురు మాట్లాడారు. హేమావతి రాలేకపోయింది, సభకు వచ్చినవాళ్లందరికీ వంట ఆమెదే.