స్టీలు డబ్బాలో నోరు

కండక్టరు ఎర్నమ్మకు నలభై తొమ్మిదో ఏట మతిమరుపు జబ్బని తేలిన రోజే, నిబంధన ప్రకారం, ఆసుపత్రివాళ్లు ఆమె నోరు తీసి స్టీలు డబ్బాలో పెట్టి, భర్త సన్యాసిరావు చేత రిజిస్టర్లో సంతకం చేయించుకున్నారు. నొప్పేమీ ఉండదు. అన్నానికి ముందు పెట్టాలి, తిన్నాక కడిగి దాచాలి. తింటూ మాట్లాడకూడదని మనకు పెద్దలు ఎలాగూ చెప్పే ఉన్నారు.

నెలకోసారి ఆమె మనసు తేలికపరచడానికి కౌన్సెలింగ్ ఉంటుంది. ఆ రోజు డబ్బా తప్పక తేవాలి. ఆ గది గోడమీద "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని రాసుంటుంది. కౌన్సెలర్ మృదుల మేడం ఎర్నమ్మవైపు తిరిగి, "మీకెలా అనిపిస్తోందమ్మా?" అని ఎంతో ప్రేమగా అడుగుతుంది.

"బాగానే ఉందండి. తింటాది, తొంగుంటాది," అంటాడు సన్యాసిరావు. డబ్బా మూత బిగువు, తీయడానికి టైము పడుతుంది. బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు.

ఎర్నమ్మ చెప్పాలనుకున్నది ఒక్కటే, భయమేస్తోందని. నోరు లేదు కనుక వేలి కణుపుతో బల్లమీద ఒక్కసారి కొట్టింది. పందొమ్మిదేళ్లు సన్యాసిరావు నడిపిన బస్సుకే ఆమె కండక్టరు. తాడు లాగితే ఒక గంట ఆగమని, రెండు గంటలు పొమ్మని. జోరువానలోనైనా ఆ ఒక్క గంటకు అతను బ్రేకు వేయని రోజు లేదు. ఈ గదిలో మాత్రం ఆగలేదు. "చెయ్యి ఊరుకోదండి," అన్నాడు. మేడం "చిరాకు" అని రాసుకుంది. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ, మనిషి చెడ్డవాడు కాదు. ఆ నోటిని పూటపూటా శ్రద్ధగా కడిగేవాడు.

ఆరో నెల అతను డబ్బా ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

"ఈమధ్య ఇలా మరిచిపోతున్నారా?" అడిగింది మేడం.

"అప్పుడప్పుడండి. మొన్న మా ఈధి దాటి ఎల్లిపోనాను," అని నవ్వాడు.

"వయసెంత?"

"యాభై మూడండి."

మేడం నవ్వలేదు. పరీక్షలు చేయించుకోమని చీటీ రాసిచ్చింది. రెండు వారాలకు ఇంకో డబ్బా వచ్చింది. ఈసారి రిజిస్టర్లో కూతురు హేమ సంతకం చేసింది. రెండు డబ్బాలు పట్టే సంచి ఆసుపత్రివాళ్లే ఉచితంగా ఇస్తారు.

మరుసటి నెల మేడం సన్యాసిరావువైపు తిరిగి, "మీకెలా అనిపిస్తోందండీ?" అని ఎంతో ప్రేమగా అడిగింది.

"ఇద్దరూ బాగానే ఉన్నారండి," అంది హేమ.

సన్యాసిరావు బల్లమీద ఒక్కసారి కొట్టాడు. అదేమిటో ఆ గదిలో తెలిసింది ఎర్నమ్మకొక్కతికే. ఆమె అతని చెయ్యి పట్టుకుని, తనూ ఒక్కసారి కొట్టింది.

మేడం ఇద్దరి కాగితాల్లోనూ "చిరాకు" అని రాసి, తర్వాతివాళ్లను పిలవమంది.