నూకరాజు గుండెకు నూకరాజే అటెండెంటు

కాకినాడ బైపాసు పక్కన ఉన్న గుండె ఆసుపత్రిలో ఒక సోమవారం ఉదయం వాసంశెట్టి నూకరాజు గుండెను బెడ్డు మీద చేర్చుకుని, నూకరాజు చేతికి అటెండెంటు పాసు ఇచ్చారు. జబ్బు ఎవరికుంటే వాళ్ళనే చేర్చుకోవడం ఆ ఆసుపత్రి పద్ధతి. నూకరాజు కాళ్ళూ చేతులూ లక్షణంగా ఉన్నాయి. నోరు మరీ లక్షణంగా ఉంది. అందుకని అతన్ని వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు.

"మరి నా లోపల ఖాళీయేనాండీ?" అని ఛాతీ తడుముకుంటూ అడిగాడు.

"ఖాళీ ఎందుకుంటాదండీ? మిషను పెట్టేం కదా," అంది హెడ్ నర్సు ఎస్తేరు రాణి. "మీ పేషెంటు కోలుకునేదాకా అదే నడిపిస్తాది. తినొచ్చు, తిరగొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. మీకు తేడాయే తెలవదు."

నిజంగానే తెలియలేదు. లోపల సీలింగు ఫ్యాను తిరుగుతున్నట్టు సన్నని చప్పుడు, అంతే. నూకరాజు ఆర్టీసీ డిపోలో కంట్రోలరు. ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో, ఎవరికి సెలవు దొరకాలో, ఎవరికి దొరకకూడదో తేల్చేది అతనే. నడుస్తున్న బస్సు మొరాయిస్తే దాన్ని షెడ్డుకు పంపి, దాని బదులు స్పేరు బస్సును రూటు మీదకు తోలడం అతనికి రోజూ ఉండే పని. తనకూ స్పేరు ఎక్కించారని సమాధానపడి, గుండెను ఒకసారి చూసొద్దామని అద్దాల గది దగ్గరకు వెళ్ళాడు.

వెళ్ళినవాడు కదల్లేకపోయాడు. ఆసుపత్రి బోర్డు మీది బొమ్మలాగా నున్నగా, ఎర్రగా ఉంటుందనుకున్నాడు. పిడికిలంత ఉంది. అక్కడక్కడ కొవ్వు పట్టి, నరాలు తేలి, అచ్చం కష్టపడ్డ మనిషి చెయ్యిలా ఉంది. తెల్ల దుప్పటి మీద ఒంటరిగా పడుకుని, చూసేవాడు లేకపోయినా, మోయాల్సిన మనిషి లేకపోయినా, కొట్టుకుంటూనే ఉంది. తను నిద్రపోయినప్పుడు ఇది పనిచేసింది. తను పండక్కి ఊరెళ్ళినప్పుడు పనిచేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒక్కపూట సెలవు అడగలేదు. అడగని మాట అలా ఉంచి, అది ఉందనే ధ్యాసే అతనికి ఎప్పుడూ రాలేదు. ఇంతమంది ఉద్యోగులను చూశాను, ఇలాంటిదాన్ని చూడలేదనుకున్నాడు నూకరాజు. తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

అంతలో డాక్టరు ఉషశ్రీ రౌండ్సుకు వచ్చింది. స్టెతస్కోపు గుండెకు ఆనించి, "ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అని అడిగింది.

"మొన్న ఉగాది ముందు నుంచండీ," అన్నాడు నూకరాజు.

"మిమ్మల్ని కాదు. పేషెంటును చెప్పనివ్వండి."

మన దగ్గర రోగిని ఒక ప్రశ్న అడిగితే పక్కన నిలబడ్డవాడు జవాబు చెప్పడం ఆనవాయితీ. భార్యకు ఎక్కడ నొప్పిగా ఉందో భర్తకే బాగా తెలుసు మరి. ఆ ఆసుపత్రివాళ్ళు ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉంటారు. డాక్టరు చాలాసేపు విన్నది. వింటూ మధ్యలో ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇరవై ఎనిమిదేళ్ళ నుంచట," అంది.

నూకరాజు చేతిలో పాసు వైపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం నుంచి చుట్టాలు దిగారు. బత్తాయిలూ బ్రెడ్డు ప్యాకెట్లూ పట్టుకుని నూకరాజును దాటుకుని లోపలికి వెళ్ళి, గుండెను పరామర్శించారు. పరామర్శ అంటే తెలిసిందే. రావులపాలెంలో ఒకాయన పొద్దున్న దుక్కలా తిరిగి సాయంత్రానికి పోయాడని ఒకరు, పెద్దాపురంలో ఇంకొకాయన కాఫీ తాగుతూనే ఒరిగిపోయాడని ఒకరు, గుండెకు వినపడేలా చెప్పారు. బెడ్డు పక్కన మానిటరు తెర మీద గుండె చప్పుడు చూపించే గీత గందరగోళమైపోయింది. ఎస్తేరు రాణి అందర్నీ బయటకు తోలి, ఇకమీదట ఇంటావిడ తప్ప ఎవరూ రాకూడదంది.

ఇంటావిడ వీరవేణి సాయంత్రం క్యారేజీతో వచ్చింది. నూకరాజుకు బెంచీ మీద అన్నం పెట్టి, చెయ్యి కడుక్కుని, గుండె పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మొగుణ్ణి ఆవిడ ఏనాడూ "మీరు" తప్ప మరోమాట అనలేదు. గుండెతో మాత్రం చనువుగా మొదలుపెట్టింది.

"ఎలాగున్నావు? బెంగెట్టుకున్నావా?"

గీత నిదానించింది.

"మన పసిబిడ్డ హిమబిందు పోయిన రోజు గుర్తుందా నీకు? పురిటి మంచం మీద నేనుండగానే ఆయన మధ్యాన్నం డ్యూటీకెళ్ళిపోయేరు. రాయిలాటి మనిషన్నారు అందరూ. నేను మాత్రం అనలేదు. ఆ రేత్రి నేను పడుకున్నాననుకుని ఆయన నా వెనకాల ఒరిగితే, నువ్వెలా కొట్టుకున్నావో నా వీపుకి తెలిసింది. ఆ చప్పుడొక్కటీ పట్టుకుని ఇన్నేళ్ళు కాపరం చేసేను. ఆయనకి చెప్పలేదు. చెప్దామంటే, ఎప్పుడూ డ్యూటీకి లేటయిపోతందంటారు కదా."

గుండె రంగు మారింది. పొయ్యిలో బొగ్గు మీద ఊదితే రాజుకున్నట్టు లోపలి నుంచి ఎర్రబడి, ఆ గదిలో లైట్లు వెలవెలబోయేంతగా వెలిగింది. నర్సులు, ఊడ్చేవాళ్ళు, పక్క వార్డు అటెండెంట్లు వచ్చి అద్దానికి ముఖాలు ఆనించి నిలబడ్డారు. ఇన్ని గుండెలను చూసిన ఎస్తేరు రాణి కూడా కళ్ళొత్తుకుంది. నూకరాజు అందరి వెనకా ఎంగిలి చేత్తో నిలబడి, ఇంత వెలుగు పెట్టుకుని నేను ఏ చీకట్లో తిరిగానురా అనుకున్నాడు. ఏడుపు రావాల్సిన చోట ఫ్యాను తిరిగింది.

ఆ వారం చివర గుండె కోలుకుంది. అయితే కోలుకున్నంత మాత్రాన తీసి లోపల పెట్టేయరు. దాని ఇష్టం కనుక్కుంటారు. అలిగి పుట్టింటికి వెళ్ళిన ఆడమనిషిని కాపురానికి పంపేముందు పెద్దమనుషులు కూర్చున్నట్టు, డాక్టరూ, ఎస్తేరు రాణీ, నూకరాజు తరఫున డిపో యూనియన్ ప్రెసిడెంటు సత్తిరాజూ కూర్చున్నారు. గుండె ఒప్పుకుంటే ఆపరేషను. ఒప్పుకోకపోతే మిషను పర్మనెంటు. వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవార నిలబడింది.

"వారానికో రోజు రెస్టిస్తాను," అన్నాడు నూకరాజు. గీత చలించలేదు. "డబల్ డ్యూటీలు మానేస్తాను. వేపుళ్ళు మానేస్తాను." చలించలేదు.

"ఇంకేం కావాలంట దీనికి?" అన్నాడు సత్తిరాజు.

డాక్టరు చెవి పెట్టి విన్నది. "సెలవు అక్కర్లేదట. ఇన్నాళ్ళూ ఆయన ఎక్కడున్నారని అడుగుతోంది."

నూకరాజు అద్దం దగ్గరకు వచ్చాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి. మూడోసారి మాట వచ్చింది. "హిమబిందు," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు.

గుండె దుప్పటి మీద నుంచి జానెడు లేచింది. తెర మీద గీత తెరను దాటిపోయింది. గదంతా ఎర్రటి వెలుగు కమ్మింది. వీరవేణి నేలమీద కూలబడి భోరుమంది. "ఒప్పుకుంది! థియేటరు రెడీ చెయ్యండి!" అంది డాక్టరు.

అప్పుడు నూకరాజు జేబులో ఫోను మోగింది. డిపో నుంచి. విశాఖ బస్సుకు డ్రైవరు రాలేదు, జనం గోల చేస్తున్నారు.

"ఒక్క నిమిషం," అన్నాడు నూకరాజు, తన గుండెతో. అటు తిరిగి ఫోను ఎత్తాడు. "జొరవఁయితే ఏం? మాత్రేసుకుని ఎక్కమను."

ఇటు తిరిగేసరికి గది మామూలుగా ఉంది. గుండె దుప్పటి మీద హాయిగా, నెమ్మదిగా కొట్టుకుంటోంది.

"అలిగిందాండీ?"

"లేదండీ," అంది డాక్టరు దయగానే. "అలిగితే బతిమాలొచ్చు. ఇప్పుడు మీ నుంచి కూడా కోలుకుంది. ఇక మిషనే పర్మనెంటు."

నూకరాజు దుఃఖం వస్తుందని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. మిషను బాగా కుదిరిందని సత్తిరాజు భుజం తట్టాడు. కోలుకున్న గుండె తనకు నచ్చినవాళ్ళ ఇంటికి వెళ్ళొచ్చు కాబట్టి, అది వీరవేణితో వెళ్తానంది. ఆవిడ క్యారేజీలో పెద్దగిన్నె కడిగి తుడిచి, మెత్తటి పాతచీర ముక్క పరిచి, గుండెను అందులో పడుకోబెట్టుకుంది. ఆటో దాకా వెళ్ళాక వెనక్కి తిరిగి, "రండి మరి," అంది నూకరాజుతో.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం డిపోలో కరెంటు పోయింది. ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. తన ఛాతీలోదే అనుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అయినా వినిపిస్తోంది. తల తిప్పి చూశాడు. క్యాషియరు చొక్కాలోంచి వస్తోంది. టిక్కెట్ల మిషన్లు తీసుకోవడానికి వరుసలో నిలబడ్డ కండక్టర్ల దగ్గర్నుంచి వస్తోంది. కిటికీ దగ్గర సెలవు అడగడానికి వచ్చి, అడగకుండానే వెళ్ళిపోతున్న డ్రైవరు దగ్గర్నుంచి వస్తోంది. ఇన్నేళ్ళూ అవి ఫ్యాన్లనే అనుకున్నాడు. డిపో అంతా ఒక్క శ్రుతిలో మోగుతోంది. ఒక్క బస్సూ ఆలస్యం కాలేదు. ఎంత పెద్ద ఏర్పాటు ఇది, ఎంత సజావుగా నడుస్తోంది అని నూకరాజు నోరెళ్ళబెట్టాడు.

తర్వాత ఇంటికి ఫోను చేశాడు.

"ఎలాగుంది?"

"బాగుందండీ. పొద్దున్నుంచీ ఒకటే కబుర్లు," అంది వీరవేణి. ఆవిడ గొంతులో అతనెరగని నవ్వు ఉంది. "చూస్తాకొస్తారా? చీకటి పడితే నిద్రపోద్ది, ఆలోగా రావాలి."

"ఆలోగా నాకు డ్యూటీ దిగదు కదా."

"అయితే ఆదివారం పగలు రండి. అటెండెంటు పాసు మర్చిపోకండేం."

నూకరాజు జేబు తడిమి చూసుకున్నాడు. పాసు ఉంది. గోడ మీది ఆదివారం డ్యూటీ చార్టు వైపు చూశాడు. అది అతను రాసిందే. అందులో మొదటి పేరు అతనిదే.