ఏడేళ్ల తర్వాత గృహప్రవేశం

దేశంలో బడ్జెట్ ప్రవేశపెట్టే అధికారం ముగ్గురికే ఉంది. ఒకటి కేంద్రం, రెండు రాష్ట్రం, మూడు దమ్మపేట బస్టాండు వెనక సందులో ఉండే మా పక్కింటి ద్వాలి. మొదటి ఇద్దరూ లోటు చూపించి హాయిగా కూర్చుంటారు, అడిగేవాడు లేడు. ద్వాలికి ఆ సౌకర్యం లేదు. ప్రతి నెలా ఐదో తారీకున ఇంటి లోను కింద బ్యాంకువాళ్లు ఎనిమిది వేల నూటపద్నాలుగు రూపాయలు కోసుకుంటారు. ఖాతాలో లేకపోతే ఫోన్‌లో ఒక ఆడపిల్ల గొంతు వచ్చి, చాలా మర్యాదగా పరువు తీస్తుంది.

ద్వాలి భర్త రూప్లా పామాయిల్ ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి దగ్గర పని చేస్తాడు. రైతులు తెచ్చిన గెలల ట్రాక్టర్లను తూకం వేసి చీటీ ఇవ్వడం ఉద్యోగం. జీతం ఇరవై ఒక్క వేలు. ద్వాలి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆ రాబడి పండగలను బట్టి పెరుగుతుంది, కస్టమర్ల మతిమరుపును బట్టి తగ్గుతుంది. ఏడేళ్ల కిందట తండా నుంచి వచ్చి వంద గజాల్లో రెండు గదులు, ఒక వరండా కట్టుకున్నారు. అందుకు బ్యాంకు ఎనిమిది లక్షలిచ్చి పదిహేనేళ్లలో తీర్చమంది. పదిహేనేళ్లా అని ద్వాలి ఆ రోజే ముక్కున వేలేసుకుంది. ముందే తీర్చి పారేయాలని నిశ్చయించి, ఇంట్లో ఆర్థిక శాఖను ఏర్పాటు చేసి, మంత్రి పదవి తానే తీసుకుంది. రూప్లాకు ప్రతిపక్షం దక్కింది (వాకౌట్ చేసే హక్కు ఉంది గానీ, పెట్రోల్ కేటాయింపు లేదు).

శాఖ పనితీరు కఠినం. గ్యాస్ బండ అరవై రోజులు రావాలి. రాకపోతే వండినవాళ్ల మీద విచారణ జరుగుతుంది. వండేది మంత్రిగారే కాబట్టి విచారణ ఎప్పుడూ క్లీన్ చిట్‌తో ముగుస్తుంది. ఆదివారం కోడికూరను గుడ్డు స్థాయికి కుదించారు. కూతురు సంగీత ఒకసారి దాన్ని చూసి “ఇది కోడి అయ్యేదాక ఆగుదమా అమ్మా?” అంది. ఆ వ్యాఖ్యను రికార్డుల నుంచి తొలగించారు.

వ్యక్తిగత ఖర్చులకు మౌఖిక దరఖాస్తు తప్పనిసరి. ఒక దరఖాస్తు నా చెవిన పడింది. (వాళ్లు ఇంట్లో లంబాడీలో మాట్లాడుకుంటారు. గోడవతల నేనున్నానని తెలిస్తే మాత్రం తెలుగులోకి మారతారు, సాక్ష్యం ఉండాలని.)

“కటింగ్‌కు పైసలియ్యవే. ఫ్యాక్టరీల అందరు నవ్వుతున్నరు.”

“చెవుల మీదికి వచ్చినంక చూద్దమన్న గదా?”

“చెవులు ఎప్పుడో మునిగినయి!”

“అయితే పక్కకు దువ్వుకో.”

ఇలా దువ్వుకోగా మిగిలిన డబ్బు నాలుగైదు నెలలకోసారి బ్యాంకుకు చేరేది. అప్పు ఎగ్గొట్టేవాణ్ణి ఏం చేయాలో బ్యాంకుకు బాగా తెలుసు. దానికి ఒక విభాగం, కొందరు ఆఫీసర్లు, ఒక జీపు ఉన్నాయి. ముందే కడతానని వచ్చేవాణ్ణి ఏం చేయాలో మాత్రం వాళ్లకెవరూ నేర్పలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు సాక్షిగా నన్నూ తీసుకెళ్లారు. మేనేజరు శ్రీధర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ముందే ఎందుకు కడ్తున్నరమ్మా?”

“పైసలున్నయి సార్.”

శ్రీధర్ కంప్యూటర్‌లో వెతికాడు. ముందే కట్టడానికి అందులో కొన్ని కారణాలే ఉన్నాయి: ఇల్లు అమ్మకం, వేరే బ్యాంకుకు బదిలీ, రుణగ్రహీత మరణం. ‘పైసలున్నయి’ అనేది లేదు. పాపం, శ్రీధర్ మంచివాడు. కాసేపు ఆలోచించి, మరణం నొక్కబోయి, ఎదురుగా ఉన్న రూప్లా ముఖం చూసి ఆగి, ‘ఇతరములు’ నొక్కాడు. ఆ సాయంత్రమే అదే బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. క్రమశిక్షణ గల ఖాతాదారులుగా వారిని గుర్తించి, మూడు లక్షల పర్సనల్ లోను మంజూరు చేశారట.

ఈ ఏడు వేసవిలో వ్యవహారం ముదిరింది. సంగీత ఇంటర్ పాసై, ఖమ్మంలో నర్సింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఫీజు, హాస్టలు కలిపి లెక్కేస్తే నెలకు ఎనిమిది వేల పైచిలుకు. అంటే బ్యాంకు కోసుకునేంత. ఈ రెండింటినీ మోసే జీతం కాదు రూప్లాది. కాలేజీ తెరిచేలోగా లోను మూతపడితే సంగీత నర్సు అవుతుంది. లేకపోతే అమ్మ కుట్టుమిషన్ పక్కన రెండో మిషన్ వేసుకుంటుంది. ఇంకా కట్టాల్సింది లక్షా ఎనభై వేలు. ఎంత దువ్వుకున్నా ఏడాదిలోపు తెమిలేది కాదు.

“నా బతుకంత జాకెట్ల చంకలు కుట్టుడే అయింది అన్నా,” అంది ద్వాలి మా గుమ్మంలో నిలబడి. “నా బిడ్డ తెల్లకోటు ఏసుకోవాలె. గంతే నాకు.”

నాకు కళ్లు చెమర్చాయి (సలహా ఏదీ తోచనప్పుడు నేను చేయగలిగింది అదే).

సరిగ్గా ఆ వారమే ద్వాలి ఒక గొప్ప ఆర్థిక సత్యం కనిపెట్టింది. మన వైపు పెళ్లికో, ఓణీల ఫంక్షన్‌కో వెళ్తే, భోంచేసి, చేయి కడుక్కుని, బల్ల దగ్గర చదివింపులు ఇస్తాం. ఒకడు రాస్తాడు, ఒకడు మైకులో పేరూ ఊరూ సహా చదువుతాడు. రేపు మన ఇంట్లో శుభకార్యమైతే ఆ సొమ్ము మనకు తిరిగొస్తుంది. పెళ్లయినప్పటి నుంచి ద్వాలి నూటపదహార్లూ, ఐదు వందల పదహార్లూ పంచుతూనే ఉంది. తిరిగి పుచ్చుకునే సందర్భమే రాలేదు. సంగీత ఓణీల ఫంక్షన్ కరోనా మింగింది. గృహప్రవేశం నాటికి చేతిలో పైసా లేక, పాలు పొంగించి తలుపేసుకున్నారు.

“అందరి ఇండ్లల్ల మన పైసలున్నయి. మనింట్ల ఎవ్వల పైసల్లేవు. గిదేం న్యాయం?” అని మంత్రిగారు సభను నిలదీశారు.

“ఇప్పుడేం ఫంక్షన్ చేస్తవే?” అన్నాడు రూప్లా.

“గృహప్రవేశం.”

“ఏడేండ్ల సంది ఇండ్లనే ఉంటున్నం గదా! పాలు గూడ పొంగించినం.”

“పాలు పొంగినయి. సదివింపులు పొంగలే.”

ప్రతిపక్షం వాకౌట్ చేసి, వరండా దాకా వెళ్లి తిరిగొచ్చింది.

శుభలేఖలు అచ్చయ్యాయి. ఏడేళ్లుగా నివసిస్తున్న స్వగృహంలోకి ప్రవేశించుచున్నాము కాబట్టి బంధుమిత్రులు విచ్చేయగలరని అందులో ఉంది. ముహూర్తం రోజు తెల్లవారుజామున ఇంట్లోకి ప్రవేశించాలి గనుక, ముందు ఇంట్లోంచి బయటపడాలి. అందుకని ముందు రోజు సాయంత్రమే గిన్నెలు, చాపలు, కుట్టుమిషన్‌తో సహా మా వరండాలోకి తరలివచ్చారు. టెంటు వేయడానికి వచ్చిన సాబిర్ భాయ్ సంగతంతా విని చేతిలో మేకు కింద పెట్టాడు.

“పెండ్లికి ఏసిన, చావుకు ఏసిన. లోను కట్టనీకి టెంటేసుడు మాత్రం ఇదే ఫస్ట్. కిరాయి ఫంక్షన్ అయినంకనే ఇయ్యి చెల్లె. కాకపోతే జల్దీ ఇయ్యి.”

విందు మాంసానికి ద్వాలి ఒక యాటకే అనుమతిచ్చింది. ఆమె అన్న మోతీలాల్ రెండు తోలుకొచ్చాడు. “పిల్సి పప్పుచారు పెడ్తమా? నవ్వరా?” అన్నాడు. మంత్రిగారు తొలిసారి అనుబంధ బడ్జెట్ ఆమోదించారు.

జనం ఇసకేస్తే రాలలేదు. మూడు తండాలు, సందు మొత్తం, ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు వచ్చాయి. మైకు సాయంత్రం దాకా ఆగలేదు. “పెనుబల్లి వాస్తవ్యులు బాబూరావు గారు, వెయ్యి నూటపదహార్లు!” ఈ బాబూరావు ఫ్యాక్టరీకి గెలలు తోలే రైతు. ఆయన పెద్దకూతురి పెళ్లిలో ద్వాలి రాయించింది నూటపదహార్లే. అందరూ అలాగే ద్వాలి వంద ఇచ్చినచోట వెయ్యి రాయించారు. నేనూ వెయ్యి నూటపదహార్లు చదివించాను. నా పేరు మైకులో స్పష్టంగా వినపడింది.

“చూసినవా అన్నా,” అని ద్వాలి మెరిసిపోయింది. “మన పైసలు వడ్డీతోని వచ్చినయి!”

ఖర్చులు, సాబిర్ కిరాయి పోను లోనుకు సరిపడా మిగిలింది, పైన ఓ పదివేలు కూడా. మర్నాడే బ్యాంకుకు వెళ్లారు. శ్రీధర్ ఈసారి తడుముకోకుండా ‘ఇతరములు’ నొక్కాడు. మూడు వారాలకు ఇంటి కాగితాలు చేతికొచ్చాయి. ద్వాలి వాటిని కళ్లకద్దుకుని, బ్యాంకు మెట్ల మీదే కూర్చుని ఏడ్చేసింది. రూప్లా ఎదురుగా ఉన్న సెలూన్‌లోకి వెళ్లి, దరఖాస్తు పెట్టకుండానే కటింగ్ చేయించుకున్నాడు.

ఆషాఢమంతా వాళ్లింట్లో ఆనందమే. ఐదో తారీకు వచ్చింది, పోయింది, ఎవరూ ఏమీ కోసుకోలేదు. ఫంక్షన్‌లో మిగిలిన పదివేలకు ఆ ఎనిమిది వేలు కలిసి, ఫీజు మొదటి విడత ఇరవై వేలకు దగ్గర పడింది. ఇంకో పది జాకెట్లు కుడితే సరి.

తర్వాత శ్రావణం వచ్చింది.

ముందు ఒక కార్డు, మర్నాడు రెండు, వారం తిరక్కుండా పదకొండు. దమ్మపేటలో పెళ్లి, దుమ్ముగూడెంలో పెళ్లి, తండాలో రెండు ఓణీలు, ఫ్యాక్టరీ సూపర్‌వైజరు గారి మనవడి పుట్టువెంట్రుకలు. అందరూ మైకులో పేరు చదివించుకున్నవాళ్లే. మన సంప్రదాయంలో వచ్చినదానికి తగ్గకుండా, పైన కొంచెం కలిపి ఇవ్వాలి. వెయ్యి నూటపదహార్లకు పదిహేను వందల పదహార్లు న్యాయం. తన పాత నూటపదహార్లు పోను మిగిలిందంతా కొత్త అప్పేనని ద్వాలికి అప్పుడు తెలిసింది. ఒక్క బ్యాంకుకు బదులు రెండు వందల పైచిలుకు గడపలకు బాకీ పడింది. ఏ గడప వాయిదా ఏ తారీకో పురోహితుడికి తప్ప ఎవరికీ తెలియదు.

“పోకపోతే ఏమైతది?” అన్నాడు రూప్లా.

“మైకుల సదివిచ్చుకొని పోకపోతమా? రేపు తండాల తలెత్తుకొని తిరుగుతమా?”

అయితే ద్వాలి అంత తేలిగ్గా ఓడిపోయే మంత్రి కాదు. ముందే తీర్చడం ఆమెకు అలవాటైన విద్య. తేదీ రాకముందే ఇస్తే పైన కలిపే నాలుగు వందలు తప్పుతాయని లెక్కేసి, బస్సెక్కి పెనుబల్లిలో బాబూరావు ఇంటికి వెళ్లి, వెయ్యి నూటపదహార్లు బల్ల మీద పెట్టింది. బాబూరావు పాముని చూసినట్టు వెనక్కి జరిగాడట.

“ఏందమ్మా ఇది! శుభకార్యం లేకుండ సదివింపులు పుచ్చుకుంటరా ఎవలన్న? అరిష్టం! మా చిన్నదాని పెండ్లి ఇంక మూడేండ్లకు. అప్పుడు రాండ్రి, మనసుల ఎంతుంటె అంత రాపియ్యుండ్రి.”

బ్యాంకులో కనీసం ‘ఇతరములు’ ఉంది. ఇక్కడ అదీ లేదు.

ఫీజుకు దాచిందంతా ఒక్కో కార్డు వెంట చదివింపుల బల్లల మీదికి పోయింది. ఆగస్టు పదో తారీకు ఫీజుకు ఆఖరు. ఎనిమిదో తారీకు సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. సంగీత కింద కూర్చుని చదువు లోను ఫారం నింపుతోంది. ఇంటి కాగితాలు తాకట్టు పెడితే వడ్డీ తక్కువకే ఇస్తామని శ్రీధర్ చెప్పాడట. మీరు మాకు పాత కస్టమర్లు, మీ మీద నమ్మకం ఉందన్నాడట. రూప్లా ఆ కాగితాలను ఒక కవర్లో పెడుతున్నాడు. ద్వాలి ఆగి ఉన్న మిషన్ మీద చెయ్యేసుకుని కూర్చుంది.

“అన్నా, ఏడేండ్లు కడుపు మాడ్చుకున్నం,” అంది. “మళ్ల అదే బ్యాంకుకు అవే కాగితాలు ఇస్తున్నం. నేనేడ తప్పు చేసిన్నో చెప్పు.”

ఫారం మీద ఒక చుక్క పడితే సంగీత ఓణీ కొంగుతో తుడిచింది.

నా గుండె తరుక్కుపోయింది. ఈ చదివింపుల ఆచారం పేద, మధ్యతరగతి ఇళ్లను ఎలా పీల్చి పిప్పి చేస్తోందో, చదువుకున్న మనమైనా దీన్ని ఎందుకు ఆపాలో అరగంట సేపు ఆవేశంగా చెప్పాను. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. లేచేటప్పుడు జేబులోంచి మా వాడి పంచెకట్టు ఫంక్షన్ కార్డు తీసి, నాలుగు మూలలా పసుపు ఉందో లేదో చూసుకుని, ద్వాలి చేతిలో పెట్టాను. ‘మీ రాకే మాకు కానుక’ అని అడుగున అచ్చు వేయించాను. అది అన్ని కార్డుల మీదా ఉండే మాటేనని ఆమెకు తెలుసు.