ఆరు ట్యాంకులు, పెద్దవి

పొద్దున్నే టీ తాగేలోపు ఒక ఇండెంటు రాసి పారేద్దామనుకున్నాడు సార్జెంట్ ఆక్రాయిడ్. ఆరు ట్యాంకులు కావాలి, నీళ్ళకి. నాలుగు రోజుల్లో వాళ్ళ లారీల దళం ఈజిప్టు ఎడారిలో ముందున్న పటాలానికి తూటాలు మోసుకుపోవాలి. ఉన్న రేకు డబ్బాలు గట్టిగా పట్టుకుంటే చొట్టపడి కారతాయి. మూడో రోజుకి సగం నీళ్ళు ఇసుకే తాగేస్తుంది. పోయినసారి డ్రైవర్ హొరేస్ నాలుక వాచి తిరిగొచ్చాడు. అంతకుముందు వాడు ఈల వేయని పూట లేదు. ఆ తర్వాత వేసిన పూట లేదు. ఈసారి ఎవరి నాలుకా ఎండకూడదని ఆక్రాయిడ్ ఎవరితోనూ అనలేదు గాని, అనుకున్నాడు.

సంతకం పెట్టాల్సింది కెప్టెన్ లాథమ్. మనిషి మంచివాడే. ఒక్కటే జబ్బు, మాటల పొదుపు.

"'నీళ్ళ ట్యాంకులు' ఏమిటయ్యా? లారీలవాళ్ళం, నీళ్ళకి కాక దేనికి?" అంటూ 'నీళ్ళ' కొట్టేశాడు.

"ఉండనివ్వండి సార్. ఒక్క మాటేగా."

"ఒక్కో మాటతోనేగా తంతి పొడుగయ్యేది."

మర్నాడు పైనుంచి తంతి వచ్చింది, ఏ రకం అని. "పెద్దవి, కారనివి" అని రాశాడు ఆక్రాయిడ్. "కారేవి ఎవడు పంపుతాడు?" అని కెప్టెన్ రెండోది కొట్టేశాడు.

మధ్యాహ్నం ఇంకో తంతి. లారీల దళానికి పెద్ద ట్యాంకులెందుకు?

ఆక్రాయిడ్ పెన్సిలు నమిలి నమిలి, "అవి లేకపోతే మావాళ్ళు దాహంతో చస్తారు" అని రాశాడు.

"చావు చావేగా, దేంతో అయితేనేం," అని కెప్టెన్ 'దాహంతో' తీసేశాడు.

పైవాళ్ళు హడలిపోయారు. ఫిరంగి పెట్టుకుని పాకే ఇనప ట్యాంకులు వాళ్ళ దగ్గరా మిగల్లేదు. మూడో రోజు పొద్దున రెండు బళ్ళ నిండా కర్రలు, రంగేసిన కాన్వాసు గుడ్డ, ఫిరంగుల్లా కనబడే ఆరు రేకు గొట్టాలు వచ్చాయి. జోడిస్తే శత్రు విమానాలను ఏమార్చే బొమ్మ ట్యాంకులు. వెంట ఒక చీటీ: "ప్రస్తుతానికి వీటితో నిలదొక్కుకోండి. రేపు కర్నల్ గారు చూడటానికి వస్తారు."

"నీళ్ళకని నువ్వు వివరంగా రాయాల్సిందయ్యా," అన్నాడు కెప్టెన్, ముఖం పాలిపోయి.

ఆక్రాయిడ్ పోయి కర్రల కుప్ప మీద కూర్చున్నాడు. తెల్లారితే ప్రయాణం, నీళ్ళకి ఆ కారే డబ్బాలే గతి. హొరేస్ వచ్చి పక్కన కూర్చుని గుడ్డ అంచు వేళ్ళతో నలిపాడు.

"మైనం పట్టించిన గుడ్డ, సార్జెంట్. మా రేవులో పడవల మీద కప్పేది ఇదే."

"అయితే?"

"బయటి నీళ్ళని లోపలికి రానివ్వంది, లోపలి నీళ్ళని బయటికి పోనిస్తుందా?"

ఆక్రాయిడ్ తనూ గుడ్డ అంచు నలిపి చూశాడు. "రంగున్న వైపు బయటికి పెట్టు," అని లేచాడు.

పొద్దు వాలేలోపు ఆరు లారీల్లో కర్రలతో చట్రాలు లేచాయి. లోపల గుడ్డ పరిచి, మూలలు మడిచి కుట్టారు. ఒకటి కారింది. విప్పి మళ్ళీ కుట్టారు. ఫిరంగి గొట్టాలను అడుగున బిగించి, మూతికి బిరడా కొట్టారు.

మర్నాడు కర్నల్ దిగాడు. "ఏవీ నా ట్యాంకులు?"

కెప్టెన్ తన బూట్లు చూసుకున్నాడు.

"నింపి ఉంచాం సార్," అన్నాడు ఆక్రాయిడ్. ఒక ఫిరంగి బిరడా లాగి మగ్గు నిండా పట్టి ఇచ్చాడు.

కర్నల్ మగ్గును చూశాడు, లారీని చూశాడు, హొరేస్ పెదాల మీద ఇంకా మానని పగుళ్ళు చూశాడు. తాగాడు.

"మైనం వాసనోయ్."

"టీ కాస్తే తెలీదు సార్."

ఆయన ఖాళీ మగ్గు తిరిగిచ్చి, "బయల్దేరండి," అన్నాడు.

తొమ్మిదో రోజుకి అందరూ తిరిగొచ్చారు. లారీ కంటే ముందు హొరేస్ ఈల వినబడింది. శ్రుతి లేదు. ఎవరూ ఆపమనలేదు.

వారానికి పైనుంచి ఒక ఫారం వచ్చింది, శత్రువు ఎదుట ట్యాంకులను ఎన్నిసార్లు వాడారని. ఆక్రాయిడ్ ఉన్నదున్నట్టు రాశాడు: "రోజుకు మూడుసార్లు, టీకి." కెప్టెన్ అలవాటు కొద్దీ చివరి మాట కొట్టేసి సంతకం పెట్టాడు.

నెలాఖరుకి కెప్టెన్ గారికి పతకం వచ్చింది.