ఎనిమిదవ దర్శనీయ స్థలం, ఒక ఎడమ బూటు

రాజధాని నగరానికి ప్రభుత్వం ఎంత అవసరమో, దాని నడిబొడ్డున ఉన్న హోటలుకి నడిచి వెళ్లేంత దూరంలో ఎనిమిది దర్శనీయ స్థలాలు అంత అవసరం. ఏడుంటే మూడు నక్షత్రాలు, ఎనిమిదుంటే నాలుగు. ప్రభుత్వం లేకుండా మా బల్గేరియా రాజధాని సోఫియాలో మేం చాలాసార్లు గడిపాం. నక్షత్రం లేకుండా మా వీధి మూలనున్న హోటలు ఒక్క వారం కూడా గడపలేకపోయింది.

మొదట్లో దానికి ఎనిమిదీ ఉండేవి. చర్చి, మసీదు, వేడినీటి బుగ్గ, రోమన్ల గోడ, పసుపు ఇటుకల రోడ్డు, విగ్రహం ఉన్న చోటు, విగ్రహం పీకేసిన చోటు (ఈ రెండూ వేరు వేరు), ఒక ఫౌంటెన్. ఆ ఫౌంటెన్ ఎండిపోయింది. ఫొటోలో నీళ్లున్నాయి, ఎదురుగా లేవని ఒక అతిథి ఫిర్యాదు రాశాడు. దాంతో హోటళ్ల సమీప దర్శనీయ స్థలాల శాఖ రెండు పనులు చేసింది. ఫౌంటెన్‌ని జాబితాలోంచి కొట్టేసింది. ఇకమీదట ప్రతి దర్శనీయ స్థలమూ ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉండి తీరాలని నియమం పెట్టింది. (నీళ్లు వదలడం ఆ శాఖ పరిధిలోకి రాదు.)

నా పేరు మెటోడి. బూట్లు బాగుచేస్తాను. కొట్టు నేలమాళిగలో ఉంది, కిటికీ మాత్రం రోడ్డుకి అరడుగు ఎత్తున ఉంటుంది. పని ఉన్నవాళ్లు గొంతుక్కూర్చుని మాట్లాడతారు. ఊళ్లో ఇలాంటి కిటికీలు చాలా ఉన్నాయి, ఒకదాంట్లో సిగరెట్లు, ఒకదాంట్లో బీరు. సొంత వ్యాపారం చేసుకోవచ్చని ప్రభుత్వం మనసు మార్చుకున్న ఏడాది, రోడ్డు మీద కొట్టు దొరకనివాళ్లం రోడ్డు కింద తెరిచాం. అప్పటినుంచీ జనాన్ని మోకాలి దాకానే ఎరుగుదును. అంతకు పైన పెద్దగా అవసరం పడలేదు.

అక్టోబరులో ఒక జత బూట్లు కిటికీ ముందు ఆగాయి. పైన తోలు, లోపల అట్ట. అవి శాఖ ఇన్‌స్పెక్టరు కరదాలియెవ్ గారివి. ఆయన గొంతుక్కూర్చోలేదు. ఫోను పట్టుకున్న చెయ్యి ఒక్కటే కిందికి దించి ఫొటో తీశారు. ఆ సమయానికి నా ముందున్నది గ్రోజ్డానా ఎడమ బూటు. మడమకి పన్నెండు మేకులు కొట్టాలి. ఐదు కొట్టాను. ఆరోది వేళ్ల మధ్య ఉంది, సుత్తి గాల్లో ఉంది.

వారంలో కాగితం వచ్చింది. నేను ఎనిమిదవ దర్శనీయ స్థలం. వర్గం, ‘సజీవ వృత్తి’. వేళలు, పది నుంచి ఐదు. సుత్తి ఎత్తి ఉంచాలి, దించకూడదు. (దించితే ఆరో మేకు దిగుతుంది. ఫొటోలో ఐదే ఉన్నాయి.)

గ్రోజ్డానా మా పక్క సందులో ఉంటుంది. డెబ్బై ఒక్క ఏళ్లు. కొండవైపు పేటలో మంచం పట్టిన చెల్లెలికి రోజూ మధ్యాహ్నం చిక్కుడుగింజల సూపు పట్టుకెళ్తుంది. ట్రామ్ దిగాక అంతా ఎత్తు మీద నడక. చలికాలానికి ఉన్నది ఆ ఒక్క జతే. కుడి బూటు ఇంట్లో ఉంది. ఎడమది ప్రభుత్వ జాబితాలో ఉంది.

“మెటోడన్నా, అయ్యిందా?” అంది గొంతుక్కూర్చుంటూ.

“లేదు.”

“ఇంకా ఎన్ని మేకులున్నాయేంటి?”

“ఏడు.”

“ఏడు మేకులకి రెండు వారాలా? ఈ లెక్కన నా శవపేటిక సంగతి ఇప్పుడే చెప్పిపెట్టుకోవాలి నీకు.”

కాగితం అందించాను. చెయ్యి బారెడు చాచి చదివింది.

“దర్శనీయమా? నువ్వా? మీ ఆవిడ బతికుంటే పడీపడీ నవ్వేది.”

“ఊఁ.”

“అది సరే, మంచు పడితే నేనెట్లా వెళ్లేది?”

నాకు తెలియదు. అదే చెప్పాను.

హోటలువాళ్లు కిటికీ ముందు మోకాళ్లకి దిండు వేయించారు. మనిషికి నలభై సెకన్లు. ఒక అతిథి నా గురించి, ‘అచ్చమైన మనిషే గానీ దగ్గాడు’ అని రాశాడు. ఫొటోలో దగ్గు లేదు కనుక శాఖ నుంచి హెచ్చరిక వచ్చింది. గ్రోజ్డానా బూటు అడగడానికి వచ్చినప్పుడల్లా వరసలో నిలబడి, తన నలభై సెకన్లలోనే తిట్టి వెళ్లేది.

తనిఖీకి వచ్చిన రోజున కరదాలియెవ్ గారు ఆమెకి దొరికిపోయారు.

“నాయనా, ఆ బూటు నాది.”

“బూటు మీదేనమ్మా. అందులో అనుమానం లేదు. దాని స్థితి మాత్రం శాఖది.”

“అయితే స్థితి మీరుంచుకోండి, బూటు నాకిచ్చెయ్యండి.”

“రెండూ విడదీసే ఫారం లేదమ్మా.”

“పోనీ కుడిది కూడా తెచ్చిస్తాను, జతగా పెట్టుకుని పూజ చేసుకుంటారా?”

శాఖ ఫారాల్లో వెటకారానికి గడి లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది ‘విరాళం’. కరదాలియెవ్ గారు అందులో రాసుకున్నారు. మర్నాడు ఇద్దరు ఉద్యోగులు ఆమె ఇంటికి వెళ్లి, కృతజ్ఞతాపత్రం ఇచ్చి, కుడి బూటు తీసుకొచ్చి నా కిటికీలో, ఫొటోలో పడని మూల పెట్టారు.

ఆ రోజు ఆమె తిట్టలేదు. వరసలో నిలబడింది, వంతు రాగానే గొంతుక్కూర్చుంది, బూట్లు చూసుకుంది, నలభై సెకన్లయ్యాక లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పర్యాటకులు భోజనాలకి వెళ్లిన సమయంలో సుత్తి దించాను. ఏడు మేకులకీ నాలుగు నిమిషాలు పట్టింది. మైనం రుద్ది, రెండు బూట్లూ ఆమెకిచ్చాను. “ఇన్నాళ్లూ ఈ మాత్రానికా?” అని, తొడుక్కుని, సూపుగిన్నె పట్టుకుని ట్రామ్ వైపు నడిచింది. కొట్టు మూయిస్తారనుకున్నాను.

మూయించలేదు. ఒక దర్శనీయ స్థలాన్ని మూయించే అధికారం ఆ శాఖకి లేదు. వాళ్లు విషయాన్ని సానుభూతితో పరిశీలించి ఉత్తర్వు పంపారు. (మేకులు పీకే ఫారం లేదు కనుక ఫొటో మార్చారు.) బూట్లు గ్రోజ్డానావేనని అందులో మొదటిసారిగా రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. దర్శన వేళల్లో, నా కిటికీ పక్కన, కుర్చీలో కూర్చుని ఆమె వాటిని తొడుక్కోవచ్చు. (కుర్చీ హోటలువాళ్లు ఇస్తారు. దర్శన వేళల్లో అది ఖాళీగా ఉండకూడదు.) నడిస్తే బూటు అడుగు అరుగుతుంది కనుక నడవడం మాత్రం ప్రభుత్వ వస్తువుకి నష్టం కిందికి వస్తుంది. ఐదింటికి తిరిగి అప్పగించాలి.

నవంబరు పన్నెండున మంచు పడింది. ఆమె రోజూ పదింటికి వచ్చి బూట్లు తొడుక్కుని కూర్చుంటుంది. బాగా వెచ్చగా ఉన్నాయంటుంది. ఐదింటికి విప్పి నాకిచ్చి, ఇంట్లో వాడుకునే ఉన్ని చెప్పుల మీద రెండు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, చెల్లెలికి మధ్యాహ్నం ఇవ్వాల్సిన సూపు ఇవ్వడానికి కొండ ఎక్కుతుంది.

అప్పుడు ఆమెనెవరూ ఫొటో తియ్యరు. అది దర్శన వేళ కాదు.