నువ్వుల గొట్టాలు

దశరథ్ పోయిన పన్నెండో రోజున అతని పుట్టగొడుగులు కూడా పోయాయి.

1982 సెప్టెంబరు. ఢిల్లీ ఇందర్‌పురిలోని ఆ రెండు గదుల ఇంట్లో లీలావతి ఆ ఉదయానికి ఒకే పని అనుకుంది. భర్త కొండలు తిరిగి తెచ్చిన తొమ్మిది ఆయిస్టర్ పుట్టగొడుగులు ఫ్రిజ్‌లో గాజు గొట్టాల్లో పెరుగుతున్నాయి. కర్మ కాగానే వాటిని అతని ప్రొఫెసర్ వీరభద్రరావుకు అప్పగించాలి. చూపుకు అన్నీ ఒకటే, తెల్లటి బూజు. వాటిలో మూడు జాతులైనా ఉన్నాయని దశరథ్ నమ్మకం. రుజువు చెయ్యకముందే జ్వరం వచ్చింది.

ఫ్రిజ్ తెరిస్తే గొట్టాలు లేవు.

"వదినా, ఇందులో గాజు గొట్టాలు ఉండాలి?"

"బూజు పట్టి ఉన్నాయి కదే. శుద్ధి రోజున ఆ దరిద్రం ఇంట్లో ఎందుకని పుల్లతో గీకి పారేశా," అంది దశరథ్ అక్క దుర్గాంబ. "గొట్టాలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. కడిగి నువ్వులు పోశా. అవిగో, పంతులుగారి దగ్గర."

పురోహితుడు ఒక గొట్టం వంచి తర్పణానికి నువ్వులు తీసుకుంటున్నాడు. లీలావతి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈలోగా వీరభద్రరావు వచ్చాడు. చావు ఇల్లు కదా అని పంచె కట్టుకున్నాడు. శ్రాద్ధ భోజనానికి పిలిచిన భోక్త ఇంకా రాలేదేమని వీధిలోకి చూస్తున్న దుర్గాంబకు ఆ పంచె కనిపించింది.

"రండి రండి, ఎంతసేపటికి! చొక్కా విప్పి కూర్చోండి."

"చొక్కానా?"

"మరి? కాళ్లు కడగాలి."

ఆయన ఢిల్లీలోనే పుట్టి పెరిగాడు, ఈ ఆచారాలు తెలియవు. ఇలాంటి ఇంట్లో కాదనడం బాగుండదనుకున్నాడు. లీలావతి వచ్చేసరికి బనియన్ కూడా లేకుండా విస్తరి ముందు మూడో గారె తింటున్నాడు. మధ్యలో లేపకూడదని పంతులు కళ్లతోనే వారించాడు.

అప్పుడు అసలు భోక్త వచ్చాడు. "అచ్ఛా! నేను రెండు బస్సులు మారి వచ్చేసరికి ఇంకొకర్ని కూర్చోబెట్టారా?"

వీరభద్రరావు చెయ్యి ఆగిపోయింది. "నేను పుట్టగొడుగుల కోసం వచ్చానండీ."

"పుట్టగొడుగులా? ఈ రోజునా? శివ శివా!" అంది దుర్గాంబ.

లీలావతి ఒక నువ్వుల గొట్టాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తిప్పి చూశాడు. అంటించిన చీటీ కూడా కడిగేటప్పుడు ఊడిపోయింది.

"ఇక చేసేదేమీ లేదమ్మా," అని చొక్కా తిరగేసి తొడుక్కుని వెళ్లిపోయాడు.

మాసికం దగ్గరపడిన రోజుల్లో, లీలావతి తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చేసరికి వరండాలో దుర్గాంబ అరుస్తోంది. అక్కడి కూలర్ తడి గడ్డి నిండా పుట్టగొడుగుల గుత్తులు. బూడిదరంగువి, తెల్లవి, ఒక మూల గులాబీవి. ఆ రోజు బూజు గీకిన పుల్లను ఆ గడ్డికే తుడిచానని ఆమె అప్పుడు చెప్పింది.

"ఇంట్లో కుక్కగొడుగులేమిటే! పీకేస్తా."

"తాకకండి వదినా!"

లీలావతి గొంతు పెంచడం దుర్గాంబ అంతవరకూ వినలేదు.

కబురందుకుని వీరభద్రరావు కొత్త గొట్టాలతో వచ్చాడు. ఒక్కో గుత్తి నుంచి చిన్న ముక్క కోసి ఒక్కో గొట్టంలో వేశాడు. "వీటిని మళ్లీ పెంచి, జత కలుస్తాయో లేదో చూడాలి. కలిస్తే ఒకే జాతి."

"గోత్రాలు చూడరా?" అంది దుర్గాంబ.

"ఇంచుమించు అదేనండీ."

"భోంచేసి వెళ్లండి."

"చొక్కా ఉంచుకోవచ్చా?"

దశరథ్ పోయాక లీలావతి నవ్వడం అదే మొదలు.

ఏది ఏ కొండదో ఇంకా తెలియదు. దశరథ్ చెప్పింది ఇంకా రుజువు కాలేదు.