గాలయ్య హీటింగ్ టార్చి

ఆదివారం పొద్దున గాలయ్య వేసుకున్న పథకం చిన్నదే. కొత్త గ్యాస్ టార్చి కొనాలి, చైతన్య పంపే వంగిన బ్రాకెట్‌ను వేడి చేసి సీదా చేయాలి. చైతన్యది రేగోడ్, మూడు వరికోత మిషన్ల ఆసామి, ఏటా సీజన్ మొదట్లో ఊరందరికీ విందు పెట్టే మనిషి. కిందటేడు ఇలాంటి బ్రాకెట్‌నే గాలయ్య కోత, అతుకు అన్నీ చేసే టార్చితో వేడి చేయబోయి చిల్లు పెట్టాడు. "ఇంకొక్కసారి సూస్తనన్నా. మంచిగ జేస్తే సీజన్ మొత్తం పని నీకే" అన్నాడు చైతన్య. మెదక్‌లో గాలయ్య వెల్డింగ్ దుకాణం నిలబడటానికి ఇక ఆ మాటే ఆధారం.

హార్డ్‌వేర్ షాపు నడిపే ముదస్సిర్‌తో గంటసేపు కొట్లాడాడు.

"గిది దీస్కో భాయ్. కోస్తది, అతుకుతది, వేడి గూడ జేస్తది."

"అన్నీ జేసేదే నా కొంప ముంచింది! నాకు కొయ్యొద్దు, అతకొద్దు. ఇనుము ఎర్రగైతే చాలు."

"గట్లయితే హీటింగ్ టార్చి. మూతి నిండ బొక్కలే, మంట వెడల్పుగొస్తది."

దుకాణానికి తెచ్చి వెలిగించాడు. మంట చాటంత పరుచుకుంది. గాలయ్యకు కడుపు నిండింది.

ఆ మంట నిర్మలమ్మ కంట పడింది. మటన్ మార్కెట్లో తలకాయలు కాల్చే మనిషి ఆ రోజు పెళ్లికి పోయాడు. ఆమె పళ్లెంలో మేక తల, నాలుగు కాళ్లు బొచ్చుతో సహా అలాగే ఉన్నాయి.

"గాలయ్యా, గా మంట జర దీనికి సూపియ్యరాదు. అల్లుడొచ్చిండు."

దుకాణం గది ఆమెదే. కాదనే నోరెక్కడిది? రెండు నిమిషాల్లో తలకాయ నున్నగా కాలింది. గాలయ్య చేసిన తప్పల్లా బాగా కాల్చడమే.

ఊరికే అయ్యే పని ఒకటుందంటే జనానికి తెలియడానికి ఎంతసేపు? గాలయ్య బిడ్డకు లెక్కలు చెప్పే సాల్మన్ రాజు సారు రెండు తలకాయలు తెచ్చాడు. ఆక్సిజన్ సిలిండర్లు వేసే ఉస్మాన్ మూడు తెచ్చాడు. పది గంటలకల్లా పదకొండు పళ్లాలు వరసలో నిలబడ్డాయి. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. పైగా సలహాలు.

"చెవుల సందు కాలలేదే!"

"నేను వెల్డర్‌ను సారూ!"

"గందుకే గద వచ్చినం."

గాలయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్యాస్ సగమైంది, బ్రాకెట్ జాడ లేదు, కొత్త టార్చి కంపు కొడుతోంది. సరిగ్గా అప్పుడే గోనెసంచి మోసుకుంటూ ఒక ముసలాయన వరసను తోసుకుని ముందుకొచ్చాడు. సంచి అడుగున ఏదో జిడ్డు కారుతోంది.

"బిడ్డా, జర నాది ముందుగాల..."

"నీది గూడనా? నడువ్! గిది ఇనుము పని జేసే దుకాణం! ఇంకో తలకాయ గనవడ్డదా, తెచ్చినోని మీసాలే కాలుస్త!"

ముసలాయన బిత్తరపోయాడు. తర్వాత కోపంతో సంచిని నేలకేసి కొట్టాడు. ఖంగున మోగింది. గ్రీజు పూసిన బ్రాకెట్ బయటపడింది.

"నేను చైతన్య చిన్నాయనను. నర్సింహ. రేగోడ్ నుంచి మోస్కొచ్చినందుకు మంచి మర్యాదనే జేసినవ్. తూప్రాన్‌ల జేపిచ్చుకుంటం!"

బ్రాకెట్ ఎత్తుకుని ఆటో ఎక్కేశాడు. "కాకా! కాకా!" అంటూ గాలయ్య సందు చివరిదాకా పరిగెత్తి, చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. పళ్లాల వరస ఇంచు కదల్లేదు.

"ఆయన పోయిండు గద, ఇగ నాది గానియ్" అన్నాడు ఉస్మాన్.

సాయంత్రం చైతన్య ఫోన్ చేశాడు. గాలయ్యే ముందు అందుకున్నాడు.

"తమ్మీ, తప్పయింది. ఇంకొక్క పని ఇచ్చి సూడు."

"చిన్నాయన మస్తు గరమైండన్నా. గని నీ మంట మాత్రం కమాల్ ఉన్నదన్నడు. రేపు పొద్దుగాల ట్రాలీ పంపుతున్న, నువ్వే జెయ్యాలె."

గాలయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తెల్లారకముందే సిలిండర్ మార్చి, టార్చి తోమి, దుకాణం ముందు నిలబడ్డాడు. ట్రాలీ వచ్చి ఆగింది. ఆత్రంగా టార్పాలిన్ ఎత్తాడు.

ఇరవై రెండు తలకాయలు అతనివైపే చూస్తున్నాయి.